విదేశంలో ఉన్న తమ్ముడికి ఇంటి నుంచే డబ్బు పంపుతున్నాం. ఇలా మా ఇంట్లోనే జరుగుతోందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తమ్ముడు పై చదువుకని విదేశానికి వెళ్లి మూడేళ్లు దాటింది. చదువు అయిపోయింది, పెళ్లయింది, పాప పుట్టింది, ఉద్యోగం మాత్రం ఇంకా నిలకడగా లేదు. ఇప్పటికీ రెండు మూడు నెలలకోసారి మీరూ నాన్నగారూ డబ్బు పంపుతున్నారు. అమ్మగారు ఆరు నెలలు అక్కడే ఉండి పసిబిడ్డను చూసుకుని వచ్చారు. చుట్టూ ఉన్నవాళ్లేమో "మీకేం, అక్కణ్నుంచి బాగానే వస్తుంటుంది" అంటున్నారు. ఇలా మా ఒక్క ఇంట్లోనేనా, ఎంతకాలం పంపాలి, లెక్క రాసుకుంటే తమ్ముడు నొచ్చుకుంటాడా అని మీ సందేహం.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మీ ఒక్క ఇంట్లోనే కాదు, మనుషులు వలస వెళ్లే ప్రతి దేశంలోనూ ఇది ఉంది. పంపడంలో తప్పు లేదు. రాసుకోవడంలో అసలే లేదు. పంపేది సాయమా, అప్పా, ఆస్తిలో వాటానా అన్నది ఎవరూ నోరు తెరిచి అనకుండా, ఎప్పటివరకో అనుకోకుండా పంపుతూ పోవడం దగ్గరే అసలు ఇబ్బంది మొదలవుతుంది. ఇంకొక మాట. మీ ప్రశ్నలో డబ్బు పంపిన తేదీలన్నీ ఉన్నాయి. అమ్మగారి ఆరు నెలల గురించి మాత్రం ఒక్క వాక్యమే ఉంది. నన్నడిగితే మీ లెక్కలో అన్నిటికన్నా పెద్ద పద్దు అదే.

పదిహేనేళ్లకు పైగా నేను వలస వెళ్లినవాళ్ల కుటుంబాలతో పని చేస్తున్నాను. అప్పులెలా తీర్చాలి, పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచాలి, అన్నదమ్ముల మధ్య వచ్చిన పేచీని కోర్టు దాకా పోకుండా ఎలా సర్దాలి, ఇవే రోజూ నా ముందుకు వచ్చే విషయాలు. ఇక్కడ చెప్పేది చాలావరకు ఆ అనుభవంలోంచే.

ఇది ఎవరికీ ఎందుకు కనిపించదు?

వలస అనగానే అందరికీ గుర్తొచ్చేది అక్కణ్నుంచి ఇంటికి వచ్చే డబ్బే. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2023లో అల్పాదాయ, మధ్యాదాయ దేశాలకు వలసదారులు పంపింది దాదాపు 65,600 కోట్ల డాలర్లు. ఇంత పెద్ద అంకె ఉన్నచోట ఎదురు దిశలో పోయే డబ్బును ఎవరు పట్టించుకుంటారు? పైగా లెక్క కట్టే పద్ధతిలోనే ఒక మెలిక ఉంది. దేశాల చెల్లింపుల లెక్కలకు అంతర్జాతీయ ద్రవ్యనిధి పెట్టిన నియమాల ప్రకారం, విదేశంలో చదువుతున్న విద్యార్థి ఎన్నేళ్లు అక్కడ ఉన్నా చదువు సాగినంతకాలం సొంత దేశపు నివాసి కిందే లెక్క. కాబట్టి మీరు కట్టిన ఫీజులు, పంపిన ఇంటి అద్దె "ప్రయాణ ఖర్చులు" అనే పద్దులో పడతాయి. కుటుంబం ఒక వలసదారుడిని నిలబెట్టడానికి పెట్టిన పెట్టుబడిగా అవి ఎక్కడా కనిపించవు. చుట్టూ ఉన్నవాళ్లు మీ మాట నమ్మడం లేదని బాధపడ్డారు కదా. పెద్ద పెద్ద సంస్థల లెక్కల్లోనే దానికి సరైన పద్దు లేనప్పుడు చుట్టుపక్కలవాళ్లకు తట్టకపోవడంలో వింత లేదు.

పరిశోధకులు దీన్ని ఆలస్యంగానైనా గమనించారు. నెదర్లాండ్స్‌లోని ఘనా వలసదారులనూ, ఘనాలో ఉన్న వాళ్లవాళ్లనూ ఒకే కాలంలో రెండు వైపులా గమనిస్తూ వాలెంటీనా మజుకాటో ఒక అధ్యయనం చేశారు. 2011లో వచ్చిన ఆమె వ్యాసంలో దీనికి "ఎదురు జమ" అనదగ్గ పేరే పెట్టారు. అందులో నాకు బాగా గుర్తుండిపోయినది డబ్బు సంగతి కాదు. ఇంటివాళ్లు అక్కడివాళ్ల పిల్లల్ని పెంచారు, వాళ్లు కట్టిస్తున్న ఇంటి పనులు దగ్గరుండి చూశారు, కాగితాలు లేక ఇరుక్కున్నవాళ్లకు కావాల్సిన పత్రాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆ చదువు చదవని నేను కూడా నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో అచ్చంగా ఇవే చూశాను.

కష్టకాలంలో దిశ పూర్తిగా మారిపోవడం కూడా జరిగింది. 2008-09 ఆర్థిక సంక్షోభంలో అమెరికాలో ఇళ్ల నిర్మాణం పడిపోయి, అక్కడ కూలి పని చేసే మెక్సికన్లకు నెలల తరబడి పని దొరకలేదు. 2009లో మెక్సికోకు వచ్చే డబ్బు అంతకుముందు ఏడాదితో పోలిస్తే 15 శాతానికి పైగా తగ్గింది. ఒహాకా లాంటి పేద ప్రాంతాల్లో కొన్ని కుటుంబాలు తమకున్న కొద్దిపాటి దానిలోంచే కొడుకుల అద్దెకూ తిండికీ ఎదురు పంపాయి. అక్కడ పని లేని కొడుకు ఇంటికి తిరిగొస్తే అప్పు చేసి దాటిన సరిహద్దు మళ్లీ దాటలేడు. కాబట్టి అక్కడే నిలబెట్టడం ఇంటికి చవక. ఈ లెక్క వాళ్లకు ఎవరూ నేర్పలేదు, కడుపు నేర్పింది.

డబ్బు ఏయే దారుల్లో వెళ్తుంది?

మొదటి దారి చదువు. వీసా రావాలంటేనే ఇంటి దగ్గర ఇంత సొమ్ముందని చూపించాలి. జర్మనీ ఏడాదికి 11,904 యూరోలు ప్రత్యేక ఖాతాలో వేసి ఉంచమంటుంది, అందులోంచి నెలకు 992 మించి తీయనివ్వదు. ఆస్ట్రేలియా 2024 మే నుంచి ఒక విద్యార్థి ఏడాది జీవన ఖర్చుకు 29,710 ఆస్ట్రేలియా డాలర్లు చూపమంది. కెనడా ఎన్నో ఏళ్లపాటు 10,000 కెనడా డాలర్ల దగ్గర ఉంచిన మొత్తాన్ని 2024 జనవరి నుంచి ఒక్కసారిగా 20,635కు పెంచింది. ఇవన్నీ ఫీజులు కాకుండా. ఇదంతా సంపాదన మొదలు కాకముందే ఇంటి నుంచి అక్కడికి వెళ్లే డబ్బే. చాలా కుటుంబాలు ఈ మొదటి ఏడాది లెక్క వరకే వేసుకుంటాయి. చదువు అయ్యాక ఉద్యోగం దొరికే దాకా ఉండే ఖాళీ నెలలకు ఎవరి దగ్గరా లెక్క ఉండదు. మీ ఇంట్లో జరిగింది కూడా అదేనని మీ మాటల్ని బట్టి అనిపిస్తోంది.

రెండో దారి పని కోసం వెళ్లేవాళ్లది. ఏజెంటుకు కట్టేది, టిక్కెట్టు, వైద్య పరీక్షలు, అన్నీ ఇంటి మీది అప్పే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒప్పందం ప్రైవేటు ఏజెన్సీలు కార్మికుడి దగ్గర ఫీజు తీసుకోకూడదనే చెబుతుంది. ఆచరణలో కార్మికుడే కడుతున్నాడు, అంటే వెనకున్న కుటుంబమే కడుతోంది. అతను మొదటి ఏడాది పంపేది నిజానికి ఇంటివాళ్లు ముందే అతని కోసం పెట్టిన డబ్బు తిరిగి రావడమే. బయటివాళ్లకు మాత్రం అది "విదేశీ సంపాదన"గా కనిపిస్తుంది.

మూడోది ఆపద. ఉద్యోగం పోవడం, ప్రమాదం, విడాకులు, వీసా చిక్కు. ఇది ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడు ఎవరూ బేరాలాడరు. దీని గురించి ఎక్కువ చెప్పను, ఆ సమయంలో పంపాల్సిందే.

అమ్మగారి ఆరు నెలలు

ఇక్కడ కాస్త ఆగాలి. నా దగ్గరికి వచ్చే పేచీల్లో డబ్బు పేరుతో మొదలైనవి సగానికి సగం చివరకు ఇక్కడికే చేరతాయి.

పసిపిల్లల సంరక్షణ ఖరీదైన దేశాల్లో వలస దంపతులిద్దరూ ఉద్యోగం చేయగలుగుతున్నారంటే, చాలా ఇళ్లలో దానికి కారణం ఓ అమ్మమ్మో నానమ్మో. వంతులవారీగా ఇటు ఆరు నెలలు, అటు ఆరు నెలలు వచ్చి వెళ్లే పెద్దల్ని చూశాను. కొందరు బిడ్డనే వెనక్కి పంపేస్తారు. న్యూయార్క్‌లో పనిచేసే చైనా వలస కార్మికుల్లో చాలామంది పుట్టిన కొన్ని నెలలకే పిల్లల్ని తాత, అమ్మమ్మల దగ్గరకు పంపి, బడి వయసు వచ్చాక తిరిగి తెచ్చుకునేవారు. ఇంగ్లీషులో వాళ్లకు "ఉపగ్రహ శిశువులు" అనే అర్థం వచ్చే పేరు పడింది. ఒక ఇంటి తల్లి మరో దేశంలో ఇంకొకరి పిల్లల్ని సాకడం, ఆమె పిల్లల్ని ఆమె తల్లి సాకడం, ఈ గొలుసుకే అమెరికా సామాజికవేత్త ఆర్లీ హోష్‌చైల్డ్ 2000లో "ప్రపంచ సంరక్షణ గొలుసు" అని పేరు పెట్టారు. ఆ గొలుసు చివరి కొసలో ఉండేది దాదాపు ఎప్పుడూ జీతం లేని ఓ పెద్దావిడే.

నేను చూసిన ఒక ఇల్లు చెప్తాను. అరవై దాటిన ఆవిడ, కూతురి పురుటికి వెళ్లారు. మూడు నెలలనుకున్నది అయిదయింది. ఈలోగా ఇంటి దగ్గర భర్తకు షుగర్ అదుపు తప్పింది, ఆయన మందులు చూసేవాళ్లు లేరు. అక్కడేమో ఆవిడ మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. తీసుకున్న ప్రయాణ బీమాలో అంతకుముందున్న ఎముకల సమస్యకు సంబంధించినది ఏదీ రాదని కంపెనీ కొట్టిపారేసింది. ఆసుపత్రి బిల్లు కూతురు కట్టింది. ఆ తర్వాత రెండేళ్లు ఇంట్లో ఎవరు మాట్లాడినా "అమ్మను తీసుకెళ్తే మాకే ఎంతయిందో" అనే మాటే వినిపించేది. ఆవిడ అయిదు నెలల చాకిరీ ఎంతని ఎవరూ అనలేదు. ఆవిడ కూడా అనలేదు. ఆవిడ నా ముందు కూర్చుని మొదటిసారి ఆ మాట అన్నప్పుడు కూతురు చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయింది.

అందుకే ప్రతి కుటుంబానికీ నేను చెప్పేది ఒకటే. పెద్దవాళ్లు వెళ్లేముందు నాలుగు సంగతులు తేల్చుకోండి: ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటలు బిడ్డ వాళ్ల చేతిలో ఉంటుంది, వారానికి ఒక రోజైనా విశ్రాంతి ఉందా, వాళ్లు లేనప్పుడు ఇంటి దగ్గర మిగిలినవాళ్లను ఎవరు చూస్తారు. బీమా పత్రంలో పాత జబ్బుల గురించి ఏం రాసి ఉందో చదవకుండా టిక్కెట్టు కొనొద్దు. కొన్ని దేశాలు దీన్ని నియమంగానే పెట్టాయి. కెనడా ఇచ్చే సూపర్ వీసాతో తల్లిదండ్రులు, తాతయ్యలు, అమ్మమ్మలు ఒక్కో రాకలో అయిదేళ్ల దాకా ఉండొచ్చు, కానీ కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా చూపాలి. ఆస్ట్రేలియాలో తల్లిదండ్రులకిచ్చే 870 తాత్కాలిక వీసా మూడేళ్లకో అయిదేళ్లకో దొరుకుతుంది, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఈ వీసాల ఖర్చు, బీమా ఖర్చు ఎవరిదో కూడా ముందే అనుకోవాలి.

సంరక్షణ అంటే బిడ్డ ఒక్కటే అనుకోకండి. అర్ధరాత్రి ఫోన్లో తమ్ముడి ఏడుపు వినేది మీరే కదా. పుట్టిన తేదీ సర్టిఫికెట్టు, పోలీసు క్లియరెన్సు, పాత మార్కుల జాబితా, ఇవన్నీ సంపాదించి పంపేది ఎవరు? సెలవు పెట్టి వరుసల్లో నిలబడేది ఎవరు? (ఈ పత్రాల గురించి ఒక సలహా: ఒక దేశపు పత్రాలు ఇంకో దేశంలో చెల్లేలా చేసేది 1961 నాటి హేగ్ అపోస్టిల్ ఒప్పందం. వెళ్లిన దేశం, సొంత దేశం రెండూ అందులో ఉంటే ఒక్క ముద్ర సరిపోతుంది. చైనాలో 2023 నవంబరు నుంచి, కెనడాలో 2024 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. అంతకుముందులా రాయబార కార్యాలయం దాకా తిరగాల్సిన పని చాలా సందర్భాల్లో తప్పింది. ఇప్పటికీ పాత పద్ధతే చెప్పి డబ్బు గుంజే మధ్యవర్తులు ఉన్నారు, జాగ్రత్త.)

లెక్క ఎలా రాయాలి?

తమ్ముడు నొచ్చుకుంటాడేమోనని మీ భయం. మీకు తెలియకుండా రాసుకుని, పదేళ్ల తర్వాత ఆస్తి పంపకాల రోజున బయట పెడితే తప్పకుండా నొచ్చుకుంటాడు. ఇప్పుడే అతనికీ కనిపించేలా రాస్తే నొచ్చుకునేవాళ్లను నేను తక్కువ చూశాను. నిజానికి చాలామందికి ఊరట కలుగుతుంది. విదేశంలో ఉండి ఇంటి నుంచి డబ్బు తీసుకునేవాడికి సిగ్గు ఎక్కువ. ఎంత తీసుకున్నాడో తెలియనప్పుడు ఆ సిగ్గు ఇంకా పెరుగుతుంది. చివరకు ఫోన్ ఎత్తడం మానేస్తాడు. మీ తమ్ముడు ఈ మధ్య తక్కువ మాట్లాడుతున్నాడని రాశారు కదా, ఒకసారి ఈ కోణంలోంచి ఆలోచించి చూడండి.

ఒక నోటుబుక్కో, ఇద్దరూ తెరవగలిగే ఒక షీటో చాలు. తేదీ, ఎవరు ఇచ్చారు, ఎంత, దేనికి. అయిదో గడి ముఖ్యమైనది, అది ఏ పేరుతో. సాయమైతే సాయమని రాయండి, మళ్లీ అడగొద్దు. అప్పయితే వడ్డీ ఉందా లేదా, ఎప్పటినుంచి తీరుస్తాడు. వాటా అయితే, అంటే నాన్నగారి ఆస్తిలో అతనికి రావాల్సిన దానిలోంచి ముందుగా ఇస్తున్నట్టయితే, ఆ మాట నాన్నగారు బతికుండగా, మీ అందరి ఎదుట, రాతపూర్వకంగా ఉండాలి. ఇద్దరు అన్నదమ్ముల కేసు ఒకటి నాకు మరువలేనిది. పెద్దవాడి విదేశీ చదువుకు తండ్రి పొలం అమ్మాడు. పెద్దవాడు దాన్ని నాన్న ప్రేమగా ఇచ్చిన కానుక అనుకున్నాడు. ఇంటి దగ్గరే ఉండిపోయి తల్లిదండ్రుల్ని చూసుకున్న చిన్నవాడు అది అన్న వాటా అనుకున్నాడు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. తండ్రి ఇద్దరికీ ఆ మాట చెప్పకుండానే పోయాడు. మనిషి మంచివాడే, ఎవరినీ నొప్పించడం ఇష్టం లేక చెప్పలేదు. ఆ అన్నదమ్ములు ఇప్పటికీ మాట్లాడుకోరు.

అదే పుస్తకంలో డబ్బు కాని పద్దులు కూడా రాయండి. అమ్మ, ఆరు నెలలు, పాప. అక్క, పత్రాల కోసం తొమ్మిది రోజుల సెలవు. దీనికి ధర కట్టమని నేను అనను. కొందరు అక్కడి ఆయా జీతంతో గుణిస్తారు, దానివల్ల మంచి జరగడం నేను చూడలేదు. రాసి ఉంటే చాలు. ఎవరు ఎవరికి ఏం చేశారో అందరికీ కనిపిస్తుంది. తమ్ముడు చేసినవి కూడా రాయండి. నాన్నగారి కంటి ఆపరేషన్‌కు అతను పంపింది మీ ప్రశ్నలో ఒక మూల ఉంది, అది పుస్తకంలో పైన ఉండాలి.

పంపేటప్పుడు

బ్యాంకు దారిలోనే పంపండి. చేతులు మార్చి పంపేవాళ్లు రేటు ఎక్కువిస్తామంటారు. రేపు వీసా పొడిగింపుకో ఇల్లు కొనడానికో ఆ డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగితే చూపడానికి కాగితం ఉండదు. కొన్ని దేశాల్లో బయటికి పంపే డబ్బుకు పరిమితులున్నాయి. భారత్‌లో రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. చదువుకా, దగ్గరి బంధువు పోషణకా అన్న కారణం సరిగ్గా రాయాలి, పన్ను నియమాలు దాన్నిబట్టే మారతాయి.

"మీవాడు ఆసుపత్రిలో ఉన్నాడు, వెంటనే పంపండి" అని గొంతు మార్చి చేసే మోసపు ఫోన్లు పెరిగాయి. ఇంట్లో అందరికీ మాత్రమే తెలిసిన ఒక మాట పెట్టుకోండి. ఆ మాట చెప్పనిదే ఎంత టెన్షన్ వచ్చినా పంపొద్దు.

ఎంతకాలం?

తేదీ నేను చెప్పలేను, మీరూ నాన్నగారూ తమ్ముడూ మాట్లాడుకుని పెట్టుకోవాల్సింది. నేను చూసినంతలో పనిచేసిన పద్ధతి ఇదీ: ఆరు నెలలకోసారి సమీక్ష, ప్రతిసారీ మొత్తం కొంచెం తగ్గించడం, ఆపద వస్తే విడిగా చూడటం. ఒక్కసారిగా ఆపేస్తే అతను అధిక వడ్డీ కార్డు అప్పుల్లోకి పోతాడు, అవి చివరకు మీ దగ్గరికే వస్తాయి. అయితే ఒక గీత మాత్రం గట్టిగా గీసుకోండి. నాన్నగారి మందుల డబ్బు, మీరుంటున్న ఇల్లు, మీ పిల్లల చదువు, ఈ మూడూ తాకట్టులోకి వెళ్లకూడదు. అవి తాకాల్సి వచ్చిన రోజు, పంపాలా వద్దా అన్న ప్రశ్న పక్కన పెట్టి, తమ్ముడు అక్కడే ఉండాలా, తిరిగి రావాలా అన్న మాట మాట్లాడాలి. తిరిగి రావడం పరువు తక్కువ అనుకుని ఆ మాట ఎత్తని ఇళ్లలోనే అప్పు చేయి దాటిపోవడం చూశాను. తమ్ముడు కూడా ఆ మాట మీ నోటి నుంచి రావాలని ఎదురుచూస్తూ ఉండొచ్చు.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు డబ్బుతో మొదలుపెట్టకండి. ముందు అమ్మగారిని అడగండి, మళ్లీ వెళ్లాలని ఉందా లేదా అని, తమ్ముడు లైన్‌లో లేనప్పుడు, ఆవిడ ఒక్కరే ఉన్నప్పుడు. రెండో బిడ్డ ప్రస్తావన వచ్చిందని రాశారు. అంటే ఆవిడ పేరు మీద ఇంకో ఆరు నెలలు ఇప్పటికే ఎవరో మనసులో రాసుకుని ఉంటారు. ఆవిడ ఏమన్నారో నాకు రాయండి, దాన్నిబట్టి మిగతా లెక్క ఎలా వేయాలో చెప్తాను.